మొహమాటం మీద బతికే ఏజెంటు

చెల్లీ, ఏజెంటు అనగానే నీకెవరు గుర్తొస్తారు? నల్లకళ్ళద్దాలు, మెడలో లావుపాటి గొలుసు, చేతిలో రెండు ఫోన్లు? అలాంటివాడు గుమ్మం ఎక్కితే మీ అత్తగారే చీపురు తిరగేస్తుంది. మన వాకిట్లోకి నిజంగా వచ్చేవాడు వేరు. మీ మామగారి వైపు దూరపు చుట్టం అయ్యుంటాడు. లేదంటే మీ ఆయనతో హైస్కూల్లో చదివినవాడు. చాలాసార్లు మగవాడే కాడు, పదేళ్ళు కువైట్‌లో చేసొచ్చి మేడ కట్టుకున్న మన వీధి అక్కే. వచ్చి మంచం మీద కూర్చుంటుంది. ఇచ్చిన టీ తాగుతుంది. పిల్లల చదువులు అడుగుతుంది. ఆ తర్వాత మెల్లిగా, "డ్వాక్రా లోను ఇంకా ఎంతుందే?" అంటుంది. అప్పు సంగతి తెలిశాకే వీసా సంగతి ఎత్తుతారు. ఆ వరస ఎప్పుడూ తప్పదు.

ఇక్కడే మనం దొరికిపోతాం. బయటివాడైతే నాలుగు ప్రశ్నలు వేస్తాం. మనవాళ్ళని కాగితం చూపించమని ఎలా అడుగుతాం? నమ్మలేదనుకుంటారేమో, నొచ్చుకుంటారేమో, రేపు పెళ్ళిలో కనపడితే మొహం తిప్పుకుంటారేమో! మిక్సీ కొంటే గ్యారంటీ కార్డు మీద ముద్ర వేయించుకుంటే గానీ కొట్టు మెట్లు దిగం. మనిషిని సముద్రం దాటించేటప్పుడు మాత్రం నోరు పెగలదు. వాళ్ళ వ్యాపారానికి మన మొహమాటమే పెట్టుబడి. ఈ నెల ముచ్చట్లు దాని గురించే.

కోనసీమలో రాజోలు, మలికిపురం, గోదావరి దాటితే నరసాపురం, పాలకొల్లు, అటు సీమలో రాజంపేట, రైల్వే కోడూరు, రాయచోటి. ఈ ఊళ్ళ నుంచి ఆడవాళ్ళు ఇళ్ళల్లో పనికని కువైట్, మస్కట్, దుబాయ్ వెళ్ళడం ఇవాళ కొత్తగా మొదలైంది కాదు. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ వైపు మగవాళ్ళు కట్టడాల పనికీ, క్లీనింగ్ పనికీ వెళతారు. వెళ్ళడం తప్పని నేననను. ఆ డబ్బుతో లేచిన ఇళ్ళున్నాయి, ఆ డబ్బుతో నర్సింగ్ చదివిన ఆడపిల్లలున్నారు, ఆ డబ్బుతో తాకట్టు విడిపించుకున్న పొలాలున్నాయి. "గల్ఫ్ ఎందుకమ్మా, ఇక్కడే కలో గంజో తాగి బతకొచ్చుగా" అని సలహాలిచ్చేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మంట. ఆ కలో గంజో దొరికితే కన్నపిల్లల్ని అమ్మమ్మ దగ్గర వదిలేసి ఎవరు వెళతారు?

వెళ్ళేదారిలో మోసం మాత్రం మగవాళ్ళకొకలా, మనకొకలా ఉంటుంది. మగవాడి దగ్గర డబ్బు గుంజుతారు. వీసాకని కొంత, మెడికల్‌కని కొంత, టికెట్‌కని ఇంకొంత, మొత్తం లక్షల్లోకి వెళుతుంది. నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చి కడతాడు. విమానం దిగిన రోజు నుంచి ఆ వడ్డీకే చాకిరీ. మన దగ్గరికొచ్చేసరికి పాట మారుతుంది. "నువ్వు పైసా పెట్టక్కర్లేదే. టికెట్ వాళ్ళదే. పైగా వెళ్ళేముందు ఇంటి ఖర్చులకి చేతిలో ఇంత పెడతాం." వినడానికి ఎంత బాగుందో చూడు!

ఆ ఉచితం ఎక్కడి నుంచి వచ్చిందో అడగాలి. అక్కడ ఇంట్లో పనిమనిషి కావాలనుకున్న యజమాని, అంటే కఫీల్, అక్కడి ఆఫీసుకి పెద్ద మొత్తం కడతాడు. ఆ ఆఫీసు నుంచి ముంబైలోనో హైదరాబాద్‌లోనో ఉన్న ఏజెంటుకి, ఆ ఏజెంటు నుంచి జిల్లాలో తిరిగేవాడికి, వాడి నుంచి మన వీధి అక్కకి, తలా కొంత. నీ చేతిలో పెట్టిన ఆ నోట్లు కూడా అందులోవే. నీకు తెలియకుండానే నీ మీద ఒక ధర పడింది. రేపు ఒంట్లో బాగోక, దెబ్బలు తట్టుకోలేక ఇంటికి పోతానంటే "నేను కట్టింది కక్కి పో" అంటాడు. ఇక్కడ ఏజెంటుకి ఫోన్ చేస్తే వాడూ అదే పాట. రెండు లక్షలు కట్టండి, పంపిస్తారు! మగవాడు ముందు కడతాడు, మనం వెనక కడతాం. అంతే తేడా.

ఇప్పుడు కాస్త చట్టం చెబుతా, విసుక్కోకు. మన దేశంలో దీనికున్న చట్టం 1983 నాటిది, ఎమిగ్రేషన్ యాక్ట్. పదో తరగతి పాసవ్వని వాళ్ళ పాస్‌పోర్టుని ఈసీఆర్ పాస్‌పోర్టు అంటారు. అలాంటి పాస్‌పోర్టుతో 18 దేశాలకి ఉద్యోగానికి వెళ్ళాలంటే ముందు ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ అనే అధికారి అనుమతి కావాలి. గల్ఫ్ దేశాలు ఆరూ ఆ 18లో ఉన్నాయి. మలేసియా, ఇరాక్, జోర్డాన్, లెబనాన్ లాంటివీ ఉన్నాయి. ఇప్పుడిదంతా ఈ-మైగ్రేట్ అనే వెబ్‌సైట్‌లో నడుస్తుంది. ఈసీఆర్ పాస్‌పోర్టున్న ఆడమనిషికైతే ముప్పై ఏళ్ళు నిండాలి. 2016 నుంచి ఇంకో కట్టుబాటు కూడా పెట్టారు. అలాంటి ఆడవాళ్ళని ఆ దేశాలకి పనికి పంపే హక్కు ప్రైవేటు ఏజెంట్లకి లేదు, ప్రభుత్వ సంస్థలే పంపాలి. ఆంధ్రాలో ఓంక్యాప్, తెలంగాణలో టామ్‌కామ్. అంటే ఏంటి? పదో తరగతి తప్పిన నిన్ను ఇంటిపనికి కువైట్ పంపిస్తానని ఏ ప్రైవేటు మనిషి మంచం మీద కూర్చుని చెప్పినా, లైసెన్సున్నా లేకపోయినా, వాడు చెప్పేది చట్టం ఒప్పని పనే.

మరి రోజూ ఇంతమంది ఎలా వెళుతున్నారంటావా? విజిట్ వీసా మీద. చుట్టపుచూపుకి వెళుతున్నట్టు దుబాయ్‌కో మస్కట్‌కో టికెట్ తీస్తారు. చూడ్డానికి వెళ్ళేవాళ్ళకి ప్రొటెక్టర్ అనుమతితో పనిలేదు. ఎయిర్‌పోర్టులో అడిగితే "మా పిన్ని ఉంది, చూసొస్తా" అనమని నేర్పిస్తారు. అక్కడ దిగాక ఒక గదిలో పదిమందితో పాటు ఉంచి, యజమానులు వచ్చి చూసి ఎంచుకునేదాకా కూర్చోబెడతారు. నచ్చకపోతే వెనక్కి తెచ్చి వదులుతారు, మళ్ళీ ఇంకొకడు. ఒక్కోసారి అక్కణ్ణుంచి ఇంకో దేశానికి దాటించేస్తారు. ఇంట్లోవాళ్ళు దుబాయ్‌లో ఉందనుకుంటూ ఉంటారు, పిల్ల సౌదీలో ఏ ఊళ్ళో ఉందో దానికే తెలియదు. వయసు చాలకపోతే పుట్టినతేదీ మార్చి కాగితాలు పుట్టిస్తారు. అప్పుడింక రేపు ఆపద వస్తే నోరెత్తడానికి కూడా భయమే, ఎందుకంటే తప్పుడు కాగితం మన పేరునే ఉంది.

నా మనసులో మాట చెప్పనా? ఈ ముప్పై ఏళ్ళ నిబంధన నాకు నచ్చదు. ఆడవాళ్ళకి కీడు జరుగుతోందంటే వెంటనే తలుపు మూసేయడం మన పెద్దలకి అలవాటు, ఇంట్లోనూ అంతే, ఢిల్లీలోనూ అంతే. ఇరవై ఆరేళ్ళ పిల్లకి ముందు తలుపు మూస్తే ఇంట్లో ఆకలి ఆగుతుందా? దొడ్డిదారి వెతుక్కుంటుంది. ఆ దొడ్డిదారిలో బీమా ఉండదు, కాంట్రాక్టు ఉండదు, ఫలానా మనిషి ఫలానా ఇంట్లో ఉందన్న సంగతి మన ఎంబసీ పుస్తకాల్లో ఉండదు. కాపాడ్డానికి పెట్టిన నియమమే ఏజెంటుకి గిరాకీ తెచ్చిపెట్టింది. ప్రభుత్వ సంస్థల్ని మండలం దాకా తీసుకొచ్చి, మన వీధి అక్క కంటే ముందు వాళ్ళే మన మంచం మీద కూర్చుని ఉంటే ఆ నియమానికి అర్థం ఉండేది.

సరే, ఉన్నదాంతో మనమేం చేయాలో చూద్దాం. ఒక చిన్న నాటకం ఆడదాం, నేను ఏజెంటుని, నువ్వు నువ్వే. వెళ్ళేది ఆడమనిషైనా మగవాడైనా ప్రశ్నలు ఇవే, మీ తమ్ముడు దుబాయ్ వెళతానన్నా ఇవే అడుగు.

"అన్నయ్యా, మీ ఆర్‌సీ నంబరు ఎంత?"

ఈ ఒక్క ప్రశ్నకే సగం మంది లేచిపోతారు. ఆర్‌సీ అంటే రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్. విదేశాలకి మనుషుల్ని పంపే ప్రతి ఏజెంటుకీ కేంద్ర ప్రభుత్వం ఇచ్చిన నంబరు ఉండాలి. ఈ-మైగ్రేట్‌లో ఆ జాబితా ఉంటుంది, లైసెన్సు నడుస్తోందా ఆపేశారా అన్నదీ కనపడుతుంది. మీ తమ్ముడి ఫోన్‌లో రెండు నిమిషాల పని.

"అబ్బే, నాకెందుకమ్మా నంబరు? మాది ముంబైలో పెద్ద ఆఫీసు. నేను వాళ్ళ తరఫున."

చట్టానికి 'తరఫున' అనేవాడు తెలియదు. సబ్ ఏజెంటు అనే మాటకి అందులో చోటే లేదు. లైసెన్సున్న ఏజెంటు ప్రభుత్వం దగ్గర బ్యాంకు గ్యారంటీ పెట్టి ఉంటాడు. పెద్ద ఏజెంట్లకి అది 50 లక్షలు. వాడు పంపిన మనిషి అక్కడ ఇరుక్కుంటే ఆ సొమ్ములోంచి తీసి వెనక్కి రప్పించే వీలుంది. నీ ముందు కూర్చున్నవాడు ఏం పెట్టాడు? ఆ టీ కప్పు తప్ప వాడి చేతిలో ఏముంది?

"మొత్తం ఎంతవుతుంది అన్నయ్యా? రసీదు ఇస్తారుగా?"

లైసెన్సున్న ఏజెంటు తన సేవకి తీసుకోగలిగింది 30,000 రూపాయలు, దాని మీద 18 శాతం జీఎస్టీ. కలిపి 35,400. అంతకు మించి అడిగితే, పేరేం పెట్టినా, అది దోపిడీయే. అసలు అంతర్జాతీయ కార్మిక సంస్థ లెక్కలో పనికి కుదర్చడానికయ్యే ఖర్చు పనిచేసేవాడు కట్టకూడదు, యజమానే పెట్టుకోవాలి. మన చట్టం అంతదాకా రాలేదు. రసీదు మాటెత్తగానే "మన మధ్య రసీదులేంటే!" అంటాడు చూడు, అప్పుడే నువ్వు గట్టిగా ఉండాలి. డబ్బు చేతికివ్వకు, బ్యాంకు నుంచి వెయ్యి. లేదా ఫోన్‌పేలో పంపించు. వాడు వద్దంటే కారణం నీకు తెలిసిపోయినట్టే.

"వీసా ఏది? ఉద్యోగం వీసాయేనా?"

"ముందు విజిట్ మీద వెళతావు, దిగాక వాళ్ళే మార్పిస్తారు."

ఇక్కడ నాటకం ఆపేయాలి చెల్లీ. దీనికి జవాబు ఒకటే, "అయితే మార్పించాకే వస్తాను."

ఇంకొక్కటి, ఆఖర్న. "బీమా కట్టారా?" ప్రవాసీ భారతీయ బీమా యోజన అని ఉంది. రెండేళ్ళకి 275 రూపాయలు, మూడేళ్ళకి 375. ప్రమాదంలో ప్రాణం పోయినా, శాశ్వతంగా అవిటితనం వచ్చినా 10 లక్షలు. ప్రొటెక్టర్ అనుమతితో సరైన దారిలో వెళ్ళే ఈసీఆర్ వాళ్ళకి ఇది తప్పనిసరి. మూడు వందల రూపాయల బీమా! మనం సినిమాకెళితే పాప్‌కార్న్‌కి అంతకంటే ఎక్కువ పోస్తాం. విజిట్ వీసా మీద వెళ్ళిన మనిషికి అదీ ఉండదు.

ఇన్ని ప్రశ్నలు ఒక్కదానివే అడగలేకపోతే నీకో ఉపాయం. ఇంట్లో మాట్లాడకు. "అన్నయ్యా, శనివారం మా డ్వాక్రా మీటింగుంది. అందరికీ చెబుదురు గాని రండి, ఇంకో నలుగురు కూడా వెళదామనుకుంటున్నారు" అను. పదిమంది ఆడవాళ్ళ మధ్య, లీడరమ్మ పుస్తకంలో రాసుకుంటుండగా చెప్పడానికి నిజమైన ఏజెంటుకి ఇబ్బందేముంటుంది? గిరాకీ కూడాను. దొంగకి మాత్రం ఆ శనివారం అర్జెంటుగా హైదరాబాద్‌లో పని పడుతుంది.

పనిలో పని, డిగ్రీ చదివిన పిల్లలున్న ఇళ్ళవాళ్ళూ వినండి. మాకేంలే, మావాడిది కంప్యూటర్ చదువు అనుకోకండి. 2024లో విశాఖ పోలీసులు బయటపెట్టిన కంబోడియా వ్యవహారం గుర్తుందా? డేటా ఎంట్రీ ఉద్యోగమని తీసుకెళ్ళి, పాస్‌పోర్టులు లాక్కుని, మన తెలుగు పిల్లల చేతే మన తెలుగువాళ్ళకి ఫోన్లు చేయించి సైబర్ మోసాలు చేయించారు. కంబోడియా ఆ 18 దేశాల జాబితాలో లేదు. చదువుకున్నవాడి పాస్‌పోర్టుకి ఏ అనుమతీ అక్కర్లేదు. అక్కడా మొదట పలకరించింది తెలిసినవాడే.

ఇక వెళ్ళాక సంగతి. కువైట్ గురించి చెబుతా, మనవాళ్ళు ఎక్కువ ఉన్నది అక్కడే కాబట్టి. ఇళ్ళల్లో పనిచేసేవాళ్ళ కోసం 2015లో వాళ్ళు ప్రత్యేకంగా చట్టం చేశారు, 68వ నంబరు చట్టం. రోజుకి పన్నెండు గంటలకి మించి పని చేయించకూడదు. వారానికొక రోజు సెలవు. ఏడాదికి ముప్పై రోజులు జీతంతో సెలవు. 2016లో కనీస జీతం 60 దినార్లని పెట్టారు. నీ పాస్‌పోర్టు నీ ఇష్టం లేకుండా యజమాని దగ్గర పెట్టుకోకూడదు. నిన్ను తెప్పించుకోవడానికయిన ఖర్చు నీ నెత్తిన రుద్దకూడదు. రాతలో గల్ఫ్ దేశాల్లో ముందుగా వచ్చిన మంచి చట్టాల్లో ఇదొకటి. పన్నెండు గంటలే మనకి ఎక్కువనిపిస్తుంది గానీ, తెల్లవారి ఐదింటికి లేచి అర్ధరాత్రి దాకా గిన్నెలు తోముతున్న మనిషికి ఆ పన్నెండు కూడా వరమే.

చిక్కల్లా తలుపు లోపల. ఫ్యాక్టరీకైతే ఇన్‌స్పెక్టరు వెళతాడు. ఇంట్లోకి ఎవరు వెళతారు? మొదటిరోజే పాస్‌పోర్టు తీసుకుంటారు, కొందరు ఫోన్ కూడా తీసుకుంటారు. భాష రాదు, వీధి పేరు తెలియదు. అందుకే వెళ్ళేముందే కొన్ని పనులు చేసి పెట్టుకోవాలి. పాస్‌పోర్టు, వీసా, కాంట్రాక్టు, టికెట్ ఫొటోలు ఇంట్లో ఇద్దరి ఫోన్లలో ఉండాలి. ఏజెంటు ఫొటో కూడా ఉండాలి, సెల్ఫీ పేరుతో తీసెయ్. వాడు వాట్సాప్‌లో పెట్టిన వాయిస్ మెసేజ్‌లు చెరిపెయ్యొద్దు, అవే రేపు సాక్ష్యం. అక్కడికెళ్ళాక మొదటి అవకాశంలోనే లొకేషన్ ఇంటికి పంపాలి, యజమాని సివిల్ ఐడీ ఫొటో దొరికితే అది కూడా.

ఇంకో మాట, కాగితాల్లో ఎక్కడా రాసుండదు. ఫోన్ మాట్లాడేటప్పుడు పక్కన మేడం నిలబడి ఉంటుంది, లేదా ఏజెంటు స్పీకర్‌లో వింటుంటాడు. అందుకని అక్కాచెల్లెళ్ళు ముందే ఒక మాట అనుకోవాలి. "గేదె ఈనిందా?" అంటే బాగానే ఉన్నానని. "పెద్దమ్మ కాలునొప్పి తగ్గిందా?" అంటే ఇక్కణ్ణుంచి నన్ను బయటపడెయ్యండని. నవ్వుతున్నావు కదా? పిల్ల ఏడవకుండా మామూలు గొంతుతో కాలునొప్పి సంగతి అడిగిన రోజున ఆ మాట విలువ తెలుస్తుంది.

బయటపడాల్సి వస్తే ఎటు వెళ్ళాలన్నది కూడా ముందే తెలిసుండాలి. కోపంలో గేటు దూకి ఎవరో తెలుగువాళ్ళ గదికి వెళ్ళిపోతే, యజమాని "పారిపోయింది" అని కేసు పెట్టేస్తాడు. ఆ రోజు నుంచి నువ్వు ఖల్లివెల్లి, అంటే కాగితాల్లేని మనిషివి. ఎవరింట్లో దొంగతనంగా పనిచేసినా, ఎంతిచ్చినా నోరెత్తలేవు. దొరికితే జైలు, లేదంటే ఆ దేశం క్షమాభిక్ష ప్రకటించేదాకా ఎదురుచూపు. అందుకే టాక్సీ ఎక్కితే తిన్నగా ఇండియన్ ఎంబసీకే. కువైట్‌లో మన ఎంబసీ కష్టాల్లో ఉన్న ఆడవాళ్ళకి తలదాచుకునే చోటు నడుపుతోంది. టికెట్‌కీ, జరిమానాలకీ, లాయరుకీ ఆదుకోవడానికి 2009 నుంచి సంక్షేమ నిధి ఒకటుంది. అడిగితేనే ఇస్తారు. వరసలో నిలబడి, ఒకటికి నాలుగుసార్లు అడగాల్సి వస్తుంది, ఆ మాట దాచను.

జీతం బాకీ ఉండగా తొందరపడి విమానం ఎక్కేవాళ్ళే ఎక్కువ. ఎక్కక తప్పదు, ప్రాణం ముఖ్యం. ఎక్కేముందు ఎంబసీకో, నమ్మకమున్న మనిషికో పవర్ ఆఫ్ అటార్నీ ఇచ్చి వస్తే మన తరఫున అక్కడ కేసు నడపొచ్చు. ఆ ఒక్క కాగితం లేక ఎంతమంది కష్టార్జితం అక్కడే ఉండిపోయిందో! కరోనా అప్పుడు చూశాంగా, నెలల జీతాలు వదులుకుని ఉత్తచేతులతో దిగారు మగవాళ్ళు. ఆ గోల మధ్యలోనే, 2020 సెప్టెంబరులో, గల్ఫ్ వెళ్ళే మనవాళ్ళకి ఉండాల్సిన కనీస జీతాన్ని మన కేంద్ర ప్రభుత్వమే సగం దాకా కోసేస్తూ సర్క్యులర్లిచ్చింది. ఉద్యోగాలు పోకుండా ఉండటానికట! తెలంగాణ గల్ఫ్ కార్మికుల సంఘాలవాళ్ళు ఊరుకోలేదు, హైకోర్టుకెక్కారు. 2021లో ఆ సర్క్యులర్లు వెనక్కి తీసుకున్నారు. పేపర్లో అదో మూలన వచ్చింది. 2024 జూన్‌లో కువైట్ మంగాఫ్‌లో కార్మికులుండే భవనం తగలబడి నలభై మందికి పైగా భారతీయులు పోయినప్పుడు మాత్రం, మనవాళ్ళు ముగ్గురున్నారని, టీవీలన్నీ మన ఊళ్ళకొచ్చాయి. బతికుండగా జీతం అడిగినప్పుడు ఒక్క మైకూ రాదు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తున్నా. మోసపోయాక ఇంట్లో ఏం జరుగుతుంది? మొదట ఏడుపు. తర్వాత గుసగుస. "బయటికి తెలిస్తే పరువేం కావాలి? అసలే ఒంటరిగా కువైట్ వెళ్ళిన మనిషి..." అంటూ మాట సగంలో ఆపేస్తారు. ఆ సగం మాటలో ఎంత విషముందో ఆడవాళ్ళకే తెలుసు. వెళ్ళేటప్పుడు ఆమె జీతం కావాలి, తిరిగొచ్చాక ఆమె శీలం మీద అనుమానం. ఈలోపు ఏజెంటు పెద్దమనుషుల్ని తీసుకొస్తాడు. "జరిగిందేదో జరిగింది, సగం డబ్బులిచ్చేస్తాడు, కేసులెందుకు, రేపు మొహమొహాలు చూసుకోవాలి." ఇంట్లో మగవాళ్ళు తలూపుతారు. వాడు ఆ సగం ఇచ్చి, పక్క ఊళ్ళో ఇంకో మంచం మీద కూర్చుంటాడు. ఇలాంటి పంచాయితీలంటే నాకు గౌరవం లేదు. అక్కడ కూర్చున్న పెద్దమనుషుల్లో తన కూతుర్ని పంపినవాడు ఒక్కడూ ఉండడు.

స్టేషన్‌కి వెళ్ళినా మొదటి మాట అదే, "ఇష్టపడే వెళ్ళింది కదమ్మా!" దానికి నువ్వు చెప్పాల్సిన జవాబు ఉంది. భారతీయ న్యాయ సంహిత 143వ సెక్షన్. మాయమాటలు చెప్పో, ఆశ పెట్టో మనిషిని తరలించి దోపిడీకి గురిచేస్తే అది మనుషుల అక్రమ రవాణా, తక్కువలో తక్కువ ఏడేళ్ళ శిక్ష. బాధితురాలు ఒప్పుకుందా లేదా అన్నది లెక్కలోకి రాదని ఆ సెక్షన్‌లోనే రాసుంది. ఎమిగ్రేషన్ యాక్ట్ కింద పెడితే శిక్ష రెండేళ్ళ వరకు, జరిమానా రెండు వేల రూపాయల వరకు. రెండు వేలు! 1983లో అదెంతో గానీ, ఇవాళ వాడు ఒక్కపూట బిర్యానీ పార్టీకి పెట్టే ఖర్చు. ఆ చట్టం మార్చాలని 2019లో ఒక ముసాయిదా, 2021లో ఇంకో ముసాయిదా బయటికొచ్చాయి గానీ, అవి చట్టం కాలేదు. అందుకే కేసు రెండు చట్టాల కిందా రాయించాలి.

ఆ పాత చట్టంలోనే నాకు బాగా నచ్చిన సంగతి ఒకటుంది. మామూలుగా దాని కింద ఎవరినైనా కోర్టుకి లాగాలంటే కేంద్రం అనుమతి ఉండాలి. ఎన్నో కేసులు ఆ అనుమతి కోసమే మూలుగుతుంటాయి. కానీ మోసపోయిన మనిషే ఫిర్యాదు చేస్తే ఆ అనుమతి అక్కర్లేదు. ఆ మనిషి పరాయి దేశంలో ఇరుక్కుని ఉంటే ఆమె తరఫున అమ్మ చేయొచ్చు, నాన్న చేయొచ్చు, భర్త, కొడుకు, కూతురు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు ఎవరైనా చేయొచ్చు, అప్పుడూ అనుమతి అక్కర్లేదు. అక్కచెల్లెళ్ళ దాకా వరస పెట్టి మరీ రాశారు. కాబట్టి "మీ ఇంట్లో మగవాళ్ళని రమ్మను" అని ఎవరైనా అంటే కదలకు.

ఫిర్యాదు తెల్లకాగితం మీద తెలుగులోనే రాయి. ఎవరు వచ్చారు, ఏ తేదీన, ఏం చెప్పారు, ఎంత తీసుకున్నారు లేదా ఎంత చేతిలో పెట్టారు, ఏ విమానాశ్రయం నుంచి ఏ వీసా మీద పంపారు, చివరిసారి ఎప్పుడు మాట్లాడింది, ఇప్పుడెక్కడుందని అనుకుంటున్నారు. ఏడుపంతా రాయకు, అది నాకు రాయి. తేదీలు రాయి. ఫొటోలు, వాట్సాప్ మెసేజ్‌లు ప్రింటు తీయించి జత చెయ్. "మా పరిధి కాదు, హైదరాబాద్ వెళ్ళండి" అంటే జీరో ఎఫ్‌ఐఆర్ కట్టమని అడుగు. 2024 జులై నుంచి అమల్లోకొచ్చిన కొత్త చట్టంలో అది రాసే ఉంది, నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా కట్టాలి. కట్టకపోతే అదే కాగితం పోస్టులో ఎస్పీకి పంపు. అక్కడా కదలకపోతే మేజిస్ట్రేటు దగ్గరికెళ్ళొచ్చు. లాయరుకి డబ్బుల్లేవని ఆగిపోకు. న్యాయసేవల చట్టం ప్రకారం ఆడవాళ్ళకి ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా లాయర్ని ఇవ్వాలి. 15100కి ఫోన్ చేస్తే మీ జిల్లా న్యాయసేవాధికార సంస్థ దారి చూపిస్తుంది. మనిషి ఇంకా అక్కడే ఉంటే అదేరోజు విదేశాంగ శాఖ మదద్ పోర్టల్‌లో కూడా పెట్టించు, ఇంటర్ చదివే పిల్లాడైనా పెట్టగలడు. ప్రవాసీ భారతీయ సహాయ కేంద్రం టోల్‌ఫ్రీ నంబరు 1800 11 3090, ఏ వేళైనా పలుకుతుంది. చేసిన ప్రతిచోటా ఒక నంబరిస్తారు, క్యాలెండర్ మీదో డ్వాక్రా పుస్తకం వెనకో రాసి పెట్టుకో.

ఎఫ్‌ఐఆర్ కాపీ ఉచితంగా ఇవ్వాలి. రేపు రా, ఎల్లుండి రా అంటారు. కూర్చో. మంచినీళ్ళ సీసా, వక్కపొడి తీసుకెళ్ళు, తోడుగా ఇద్దరు అక్కల్ని తీసుకెళ్ళు. ముద్ర పడిన కాపీ చేతికొచ్చాకే లేవండి.